నా ఓటు హిదెకో తకమినెకే
జపాన్ హీరోయిన్లంటే అందరూ సెత్సుకో హారా పేరే ఎత్తుతారు గానీ నా ఓటు మాత్రం హిదెకో తకమినెకే. 1924లో హకొదాతెలో పుట్టింది, ఐదేళ్లకే సినిమాల్లోకి దింపేశారు, ఇక బడెక్కడ, చదువెక్కడ! బంధువుల్ని కూడా ఆ పిల్ల సంపాదనే పోషించింది. 1951లో జపాన్ తొలి పూర్తి నిడివి కలర్ సినిమాలో హీరోయిన్ తనే. అయితే అసలు తనని చూడాల్సింది దర్శకుడు మికియో నరుసె సినిమాల్లో. 1960లో వచ్చిన ఒకదాంట్లో టోక్యోలోని గింజా వీధుల్లో బార్ నడిపే వితంతువు, రోజూ సాయంత్రం ఇష్టం లేకుండానే మెట్లెక్కుతుంది, పైకి చేరేసరికి మొహానికి నవ్వు తగిలించుకుంటుంది. దానికి కాస్ట్యూమ్స్ కూడా తనే చూసుకుందట! ఏడుపులూ పెడబొబ్బలూ లేకుండా అంత బాధ చూపించడం మాటలా? 1955లో జెంజో మత్సుయామాని పెళ్లాడాక కూడా నటన మానలేదు. 1979లో సినిమాలు వదిలేసింది, రాయడం మాత్రం వదల్లేదు.