చంద్రగిరి దాకా అనుకుని

మా ఆయన సంవత్సరీకం అయ్యాక నేను ఒడిశాలోని బరంపురం బస్టాండులో మోహనా బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్లూ ఆ సీటు ఆయనదే. నా మీద దుమ్ము పడుతుందట.

చెడ్డమనిషేం కాదు. నన్నెవరైనా ఒక మాటంటే ఊరుకునేవారు కాదు. కానీ ప్రయాణమంటే ఒకటే టెన్షన్. బస్సు ఆగితే దిగనిచ్చేవారు కాదు, దిగితే "పద పద" అనేవారు. డబ్బు ఆయన జేబులో, నీళ్లసీసా నా చేతిలో. ఇప్పుడు కండక్టరు టికెట్టుకి చెయ్యి చాస్తే, పర్సు ఒళ్లోనే ఉన్నా పక్క సీటు వైపు చూశాను.

దిగపహండి దాటాక కొండలు మొదలయ్యాయి. తప్తపాణి బరంపురానికి 50 కిలోమీటర్లుంటుంది. దిగి వేడినీళ్ల బుగ్గ దగ్గరికి వెళుతుంటే గంధకం వాసన. పక్కనే కంధి దేవత గుడి. పిల్లలు లేని ఆడవాళ్లు ఇక్కడ మొక్కుకుని, బుగ్గ అడుగు బురదలో గింజ కోసం తడుముకుంటారు.

కొబ్బరికాయలమ్మే ఆవిడ తెలుగే.

"ఎవరితో వచ్చారమ్మా?"

"ఒక్కదాన్నే."

నా మెడ వైపు చూసి, "అయ్యో, పాపం" అని పది రూపాయలు తగ్గించింది. కాదనలేదు, తీసుకున్నాను.

గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చున్నాను. వేళ్లు నానిపోయి ముడతలు పడ్డాయి. టైమెంతైందని ఎవరూ అడగలేదు. హాయిగా ఉంది. ఆ మాట మనసులో అనుకుని నేనే ఉలిక్కిపడ్డాను. రాత్రి తలుపు గడియ వేసేటప్పుడు ఇప్పటికీ కాళ్లలో సత్తువ ఉండదు. అదీ నిజమే, ఇదీ నిజమే. ఏడుపు పంచుకోవడానికి వీధి వీధంతా వచ్చి కూర్చుంది. ఈ హాయి ఎవరికి చెప్పుకోను? కూతురికి అసలే చెప్పలేను.

చంద్రగిరిలో అంతా టిబెటన్లే. చలికాలంలో ఊరూరా తిరిగి స్వెట్టర్లు అమ్ముతారు చూడండి, వాళ్లే. 1959లో దలైలామా ఇండియాకి వచ్చేశాక ఆయన వెంట వచ్చినవాళ్లకి 1963లో ఇక్కడ చోటిచ్చారు. కొండవాలులో మొక్కజొన్న వేసుకుని బతుకుతున్నారు. జిరంగ్‌లోని పెద్ద బౌద్ధ మఠాన్ని 2010లో దలైలామాయే వచ్చి ప్రారంభించారు. బంగారు రంగుతో మెరిసిపోతోంది గానీ, నేను ఎక్కువసేపు చూసింది మెట్ల దగ్గర జపమాల తిప్పుతూ కబుర్లాడుకుంటున్న ముసలమ్మల్ని. వాళ్లలో ఎవరికి మొగుడున్నాడో, ఎవరికి లేడో చూసి చెప్పలేకపోయాను.

చిన్న హోటల్లో తుక్పా, అదే టిబెటన్ల నూడుల్స్ సూపు, తెప్పించుకున్నాను. ఆయనైతే ఆ వాసనకే లేచిపోయేవారు. సగం తిని, అలవాటుగా గిన్నె ఎదుటి వైపుకి జరిపాను. కాసేపు అలాగే ఉంచి, మళ్లీ నా వైపు లాక్కుని, మొత్తం తినేశాను.

హైదరాబాద్ నుంచి అమ్మాయి ఫోను. "లొకేషన్ పంపు. చీకటి పడకముందే ఇంటికెళ్లిపో."

మోహనాలో బరంపురం బస్సుకోసం నిలబడితే, ముందు పర్లాకిమిడి బస్సొచ్చింది. పర్లాకిమిడిలో మా పిన్ని ఉంది. కిటికీ సీటు ఖాళీగా కనబడింది. ఎక్కేశాను.

అమ్మాయికి లొకేషన్ పంపాను. పిన్నికి ఫోన్ చేసి రాత్రికి వస్తున్నానని చెప్పాను. "అయితే బెండకాయ వేపుడు చేస్తానే, మీ ఇంట్లో అందరికీ ఇష్టం కదా" అంది.

"నాకు పడదు పిన్నీ, ఇంకేదైనా చెయ్యి" అన్నాను.