బండి ఎలా ఆగిందో అడగరేం?

"ఐడిలింగ్ పెంచేశానమ్మా, ఇక ఆగదు" అని, అంటే యాక్సిలరేటర్ తొక్కకపోయినా ఇంజిన్ తిరిగే వేగం పెంచానని, మేస్త్రి అన్న మాట రాత్రి పదకొండు దాటినా బుర్రలోంచి పోవడం లేదు. ఆగింది. విజయవాడ రామవరప్పాడు రింగ్ దగ్గర, వెనక బస్సు హారన్ మోగిస్తుంటే, తమ్ముడు క్లచ్ నొక్కి బ్రేక్ తొక్కగానే మా పికప్ బండి ఇంజిన్ ఆఫ్ అయిపోయింది. సెల్ఫ్ కొట్టగానే మళ్ళీ స్టార్టయింది. వెంటనే స్టార్టవుతోంది కాబట్టే మావాడికి అదొక జబ్బని అనిపించదు.

నాకు భయం బ్రేకు గురించి. ఇంజిన్ ఆగితే బ్రేకుకు సాయపడే వాక్యూమ్ తయారవడం కూడా ఆగిపోతుంది. పెడల్ బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్‌లో మిగిలినదానితో ఒకటి రెండుసార్లు మామూలుగానే పడుతుంది, ఆ తర్వాత పెడల్ బిగుసుకుపోతుంది, ఉన్న బలమంతా పెట్టి తొక్కాలి. నిండు లోడుతో బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ దిగుతున్నప్పుడు అలా జరిగితే? అడిగితే "ఊరికే టెన్షన్ పడకక్కా" అంటాడు.

ఆటోనగర్ మేస్త్రి షెడ్డులో ఏమీ చేయలేదని అనను. డీజిల్ ఫిల్టర్ మార్చారు, దాని అడుగున చేరిన నీళ్ళు వదిలారు. రెండూ అవసరమే. కానీ చివర్లో స్క్రూ తిప్పి ఐడిలింగ్ పెంచి పంపేశారు. ఇప్పుడు సిగ్నల్ దగ్గర నిలబడితే పక్క బండివాళ్ళు తిరిగి చూసేంత రొద. డీజిల్ ఊరికే తాగేస్తుంది. ట్రాఫిక్‌లో క్లచ్ కొంచెం వదిలితే చాలు, ముందున్న ఆటో మీదికి దూకబోతుంది. ఏ జబ్బుకీ మందు కాని దానికి డబ్బులిచ్చి వచ్చాం, అదే నా బాధ.

పక్కింటి బాబాయిగారు బ్రేక్ బూస్టర్ గొట్టం చూపించమన్నారు. ఆయనది పాత పెట్రోల్ కారు. పెట్రోల్ బండికైతే అది సరైన సలహానే. ఆ వాక్యూమ్ ఇంజిన్ గాలి పీల్చుకునే చోటినుంచే వస్తుంది కాబట్టి గొట్టం చిరిగితే ఇంజిన్ తడబడుతుంది. మాది డీజిల్. వాక్యూమ్‌కి విడిగా పంపు ఉంటుంది, అక్కడ లీకైతే బ్రేకు చెడుతుంది గానీ ఇంజిన్ ఆగదు. ఇదంతా నాకు తెలిసింది నాన్న పక్కన కూర్చుని తిరిగినందువల్లే.

నేను డిగ్రీలో ఉన్నప్పుడు, మామిడి సీజన్‌లో, నూజివీడు తోట నుంచి నున్న మార్కెట్‌కి బంగినపల్లి కాయ వేసుకుని వస్తున్నాం. ఆగిరిపల్లి దాటాక బండి పుల్లింగ్ తగ్గింది, గునిసింది, ఇంకొంచెం దూరం ఈడ్చుకుంటూ వచ్చి ఆగిపోయింది. చీకటి. నేనైతే ఏడుపు మొహం పెట్టాను. నాన్న స్పానర్ ముట్టుకోలేదు. ముందు నన్నే అడిగారు, "ఎలా ఆగిందమ్మా? టక్కున ఆగిందా, ఈడ్చి ఈడ్చి ఆగిందా?" ఈడ్చి ఆగిందన్నాను. "అయితే డీజిల్ అందడం లేదు. టక్కున ఆగితే కరెంటు సంగతి చూడాలి" అన్నారు. టార్చి నా చేతికిచ్చి బానెట్ ఎత్తారు. ఫిల్టర్ మీది బోల్టు కొంచెం వదులు చేసి, చేతిపంపు నొక్కుతూ ఉన్నారు. బోల్టు చుట్టూ తెల్లటి నురగ బుడబుడమని వచ్చింది. నురగ పోయి శుభ్రమైన డీజిల్ ధారగా వచ్చేదాకా నొక్కి బోల్టు బిగించారు. గొట్టం క్లిప్పు దగ్గర చీలి గాలి లాగుతోందట. చీలిన ముక్క కోసేసి మళ్ళీ ఎక్కించారు. ఆయన మోచేతుల దాకా డీజిల్ వాసన, బండి నిండా మగ్గుతున్న కాయల వాసన. తమ్ముడు సీటులో నిద్ర లేవనేలేదు. తెల్లవారేసరికి నున్నలో ఉన్నాం.

ఇదంతా రాశాక మేస్త్రి మీద కోపం కొంత తగ్గింది. నిలబెట్టి ఉన్న బండిలో ఈ రోగం కనబడదు, బ్రేక్ తొక్కితేనే బయటపడుతుంది. షెడ్డు ముందు వరసగా బండ్లు, ఒక్కొక్కళ్ళూ తొందరపెడుతున్నారు. మావాడేమో "ఆగిపోతోందన్నా" అన్నాడు, అంతే. ఎప్పుడో, ఎలాగో చెప్పలేదు. ఆయన మాత్రం ఏం చేస్తాడు?

కానీ అడగాల్సింది ఆయనే కదా. ఎక్కి కూర్చుని ఆటోనగర్ గేటు దాకా వెళ్ళి ఒక్క బ్రేక్ వేసుంటే తెలిసేది. లేదు, నా కోపం న్యాయమైనదే.

సాయంత్రం నాన్న మోకాళ్ళ నొప్పితోనే గుమ్మం దిగి వచ్చారు. అడిగింది అదే ప్రశ్న. టక్కున, తాళం తీసినట్టే ఆగిందన్నాను. బండి స్టార్ట్ చేయించి, డీజిల్ పంపు మీది సొలినాయిడ్ వైరును వేలితో కదిపారు. ఇంజిన్ ఠక్కున ఆగింది. మా పంపులో ఆ సొలినాయిడ్ కరెంటు అందుతున్నంతసేపే డీజిల్‌ని వదులుతుంది. వైరు చివర బిగించే లోహపు ముక్క, థింబుల్, పచ్చగా చిలుము పట్టి, రెండు మూడు పోగుల మీద వేలాడుతోంది. పైగా ఇంజిన్‌ని ఊగకుండా పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బర్లు కుంగిపోయాయి. బ్రేక్ వేస్తే ఇంజిన్ ఊగి వైరును లాగుతోంది. గేర్‌లో ఉన్నప్పుడు క్షణం కరెంటు పోయినా చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతుంటాయి కాబట్టి తెలియదు. క్లచ్ నొక్కాక తిప్పేవాళ్ళుండరు.

నాన్న కొత్త థింబుల్ వేసి, వైరును కాస్త వదులుగా ఉంచి టేపు చుట్టారు. తమ్ముడు వీధి చివరిదాకా వెళ్ళి గట్టిగా బ్రేకులు వేసి చూశాడు. ఇంజిన్ ఆగలేదు. నాన్న రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

అమ్మ మాత్రం అమ్మేయమంటోంది. 8 ఏళ్ళు దాటిన బండి, ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి, ఎన్నాళ్ళీ తిప్పలు అంటుంది. మధ్యాహ్నం రింగ్ దగ్గర నాకూ అలాగే అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు.

ఐడిలింగ్ ఇంకా అలాగే ఉంది. రేపు మౌంటింగ్ రబ్బర్లు మార్పించేటప్పుడు దాన్నీ దింపించమని, ఏం దొరికిందో మేస్త్రికి చెప్పమని తమ్ముడికి చెప్పాను. "ఆయన ఏమనుకుంటాడోనక్కా" అని నసుగుతున్నాడు. వాడికి మొహమాటం ఎక్కువ. పొద్దున్నే నేనూ బండెక్కుతున్నాను.