కారు హెడ్‌లైట్ల పసుపు వదిలించాను: నా అనుభవం

మైలవరం దాటి తిరువూరు వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలే. పగలు ఎంత హాయిగా ఉంటుందో, రాత్రి అంత చీకటి. కోతల రోజులవి. ఊళ్లో అమ్మను చూసి విజయవాడ తిరిగొస్తున్నాను. ఏడున్నర దాటింది. ఎదురొచ్చిన లారీ వెళ్లిపోయి కళ్లు కుదురుకునేలోపే నా ముందు గడ్డి కనిపించింది. వరిగడ్డి వేసుకెళ్తున్న ట్రాక్టర్ ట్రక్కు. వెనక లైటు లేదు. బ్రేకు తొక్కి కారు ఆగేసరికి బానెట్‌కీ గడ్డికీ మధ్య ఒక మనిషి నిలబడేంత చోటు మిగిలింది. పక్క సీట్లో నిద్రపోతున్న మా అబ్బాయి బెల్టు బిగుసుకుని ఉలిక్కిపడి లేచాడు. "ఏమైందమ్మా?" అన్నాడు. చాలాసేపు నాకు మాట రాలేదు.

తప్పు ట్రాక్టరుదే అన్నారు ఇంట్లో. కావచ్చు. కానీ ఆ గడ్డి నాకు ఇంకా చాలా ముందే కనిపించి ఉండాలి. అప్పటికి ఏడాదిగా రాత్రి డ్రైవింగ్ అంటేనే టెన్షన్‌గా ఉండేది. వయసు నలభై దాటింది, చూపు తగ్గిందేమో అనుకుని కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. కళ్లజోడు పవర్ మారలేదన్నారు.

ఆ తర్వాత బల్బుల మీద పడ్డాను. మా కారు 2012 మోడల్, అందులో ఉండేది హెచ్4 బల్బు, 60/55 వాట్లు. బ్రైట్‌కి 60, డిమ్‌కి 55. షాపతను 100/90 వేయించుకోండి మేడమ్, పగల్లా ఉంటుందన్నాడు. వేయించాను. రోడ్డు మీద వెలుగు పెద్దగా పెరగలేదు గానీ, డిమ్‌లో వెళ్తున్నా ఎదుటి వాళ్లు లైటు తగ్గించమని డిప్పర్ కొడుతూనే ఉన్నారు. రెండు వారాలకు బానెట్ దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. తీసి చూస్తే బల్బు హోల్డరు మెత్తబడి ఒక పక్కకి వంగిపోయింది. ఆ వైరింగ్ అంత కరెంటు కోసం వేసింది కాదు. హోల్డరు మార్పించి పాత బల్బులే పెట్టించాను. పసుపెక్కిన హెడ్‌లైటు అద్దాలను టూత్‌పేస్టుతో రుద్దడం కూడా అయింది. అప్పటికి అద్దాలు తళతళలాడాయి, నెల తిరిగేసరికి మళ్లీ పసుపు.

చివరికి మా పెదనాన్నకి చూపించాను. ఆయన ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీలకు పెయింటింగ్ చేసిన మనిషి. ఈ పని ముందే ఆయన్ని అడగకపోవడం నా పొరపాటు. ఆయన అద్దం మీద గోరుతో గీసి, వేలు నా ముఖం ముందు పెట్టారు. గోటి కింద సన్నటి పసుపు పొడి.

"ఇది మురికి కాదమ్మాయ్. పైపొర చచ్చిపోయింది. సబ్బు పెట్టి కడిగితే పోయేది కాదు."

పాత అంబాసిడర్ హెడ్‌లైటుకి ఉండేది నిజమైన గాజు. అది రాయి తగిలితే పగులుతుంది తప్ప పసుపెక్కదు. ఇప్పటి కార్లకు వేసేది పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. తేలిగ్గా ఉంటుంది, దెబ్బకి ఓర్చుకుంటుంది, కావలసిన వంపులో పోత పోయొచ్చు. కానీ ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలకు అది తట్టుకోలేదు. అందుకే ఫ్యాక్టరీలోనే దాని మీద గట్టి పారదర్శక పూత వేస్తారు. ఏళ్ల తరబడి ఎండకి ఆ పూత పెళుసెక్కి, లేచిపోయి, కింది ప్లాస్టిక్ పసుపు తిరుగుతుంది. మా కారు ఆరేళ్లుగా అపార్ట్‌మెంట్ బయట ఒకే చోట నిలబడుతోంది. ఎడమ వైపు ప్రహరీ నీడ, కుడి వైపు మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా ఎండ. ఎడమ అద్దం మసగ్గా ఉంది. కుడిది మాత్రం ముదిరిన దోసకాయ రంగులో ఉంది.

టూత్‌పేస్టు ఎందుకు నిలవలేదో కూడా అప్పుడే అర్థమైంది. దానిలో సన్నటి గరుకు ఉంటుంది కాబట్టి పైపైన కొంచెం గీకుతుంది. ఆ గీకుడుతో మిగిలిన పూత కూడా పల్చబడుతుంది. మళ్లీ వేసే పూత ఏమీ లేదు కదా, ఎండ నేరుగా ప్లాస్టిక్‌కే తగులుతుంది.

పని మొదలుపెట్టే ముందు పెదనాన్న నా చేత ఒక పరీక్ష చేయించారు. రాత్రి సెల్లార్‌లో గోడకి పాతిక అడుగుల దూరంలో కారు ఆపి డిమ్ లైటు వేయమన్నారు. మనం ఎడమ వైపు నడుపుతాం కాబట్టి మన హెడ్‌లైటు వెలుగు గోడ మీద ఒక గీత కింద తెగినట్టు పడాలి. ఆ గీత కుడి వైపు చదునుగా ఉండి, ఎడమ వైపు ఏటవాలుగా పైకి లేవాలి. ఎదుటి వాడి కళ్లలో పడకుండా, మన పక్క రోడ్డు అంచు మాత్రం దూరం దాకా కనిపించేలా ఆ ఏర్పాటు. మా గోడ మీద గీతే లేదు. సిమెంటు మీద పాలు ఒలికినట్టు వెలుగు అంతటా పరుచుకుంది. రోడ్డు మీద పడాల్సిన వెలుగు ఎదుటి వాళ్ల కళ్లలోకి చిమ్ముతోందన్నమాట. డిప్పర్లు ఎందుకు కొట్టారో అక్కడ తెలిసింది.

సంక్రాంతి సెలవుల్లో పనిలోకి దిగాం. ముందు షాంపూ నీళ్లతో కడిగి ఆరబెట్టాక, చుట్టూ బానెట్, బంపర్, ఫెండర్ అంచుల మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు వేశాం. వాటర్ పేపర్లు, అంటే నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితాలు, 800, 1000, 1500, 2000 నంబర్లవి తెచ్చాను. నంబరు పెరిగేకొద్దీ గరుకు సన్నబడుతుంది. వేళ్లతో పట్టుకుని రుద్దబోతే ఆయన ఆపారు. వేళ్ల ఒత్తిడి ఒక్కో చోట ఒక్కోలా ఉంటే అద్దం మీద గాడులు పడతాయట. పాత హవాయి చెప్పు అడుగు కోసి, దాని చుట్టూ పేపర్ చుట్టి ఇచ్చారు. లారీ పెయింటర్లకు అదే బ్లాక్.

800 పేపర్‌ని పది నిమిషాలు నీళ్లలో నానబెట్టి అడ్డంగా రుద్దడం మొదలుపెట్టాను. మొదట కారిన నీళ్లు పలచటి మజ్జిగలో పసుపు కలిపినట్టున్నాయి. రుద్దేకొద్దీ ఆ పసుపు తగ్గి తెల్ల నీళ్లు కారాయి. అయిపోయిందనుకుని తుడిచి ఆరనిస్తే, అద్దం మీద అక్కడక్కడా మచ్చలు. ఇంకా పాత పూత అంటిపెట్టుకుని ఉన్న చోట్లు అవి. ముఖ్యంగా పై వంపులో. "అది మిగిలితే పైన ఏం వేసినా దాంతో పాటే లేచిపోద్ది. మొత్తం తియ్" అన్నారు. ఒక్క కుడి అద్దానికే ఆ ఒక్క పేపర్‌తో గంట పట్టింది.

ఒక్కో నంబరు అయ్యాక బకెట్టులో నీళ్లు మార్చాలి. 800 పేపర్ నుంచి రాలిన ఒక్క గింజ 1500 కింద చిక్కినా కొత్త గీత పడుతుంది. దిక్కు కూడా మార్చాలి. మొదటిది అడ్డంగా రుద్దితే తర్వాతది నిలువుగా. అడ్డ గీతలన్నీ మాయమై నిలువు గీతలే కనిపిస్తే తర్వాతి పేపర్‌కి వెళ్లొచ్చని లెక్క. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది తొందరపడి పైనంబరుకి వెళ్లిపోతారు, కింది గీతలు అలాగే ఉండిపోతాయి.

1000 అయ్యాక అద్దం ఆరేసరికి నా గుండె జారిపోయింది. పసుపేమో పోయింది, కానీ బాత్రూమ్ కిటికీ అద్దంలా తెల్లగా, లోపలి బల్బు కూడా కనిపించకుండా ఉంది. మొదటికే మోసం వచ్చిందనుకున్నాను. నా ముఖం చూసి పెదనాన్న మగ్గుతో నీళ్లు తీసి అద్దం మీద పోశారు. నీళ్లు జారుతున్నంతసేపూ అద్దం స్ఫటికంలా తేటపడింది. లోపలి రిఫ్లెక్టర్ మెరుపు, బల్బు మీది సన్నటి అంకెలు కూడా కనిపించాయి. ఆరగానే మళ్లీ తెలుపు. చివర్లో వేసే పారదర్శక పూతని పెయింటర్లు క్లియర్ అంటారు. "గీతల్లో నీళ్లు నిండితే ఇలా ఉంది. రేపు క్లియర్ నిండితే ఇలాగే ఉంటది, కాకపోతే ఆరిపోదు" అన్నారు. ఆ మగ్గు నీళ్లతో నాకు ధైర్యం వచ్చింది. అందరికీ నేను చెప్పేది ఇదే: తెల్లబడిన దగ్గర భయపడి ఆపేయకండి, నీళ్లు పోసి చూడండి.

నేను వీడియోల్లో చూసింది చివర్లో రబ్బింగ్ కాంపౌండ్ అనే పాలిష్ ముద్ద పెట్టి మెరిపించడం. ఆయన వద్దన్నారు. క్లియర్ వేయదలుచుకుంటే అద్దం మరీ నున్నగా ఉండకూడదు, సన్న గరుకు ఉంటేనే పూత పట్టుకుంటుంది. 2000 వాడలేదు, 1500 దగ్గరే ఆగాం.

ఇక్కడ ఒక పొరపాటు తృటిలో తప్పింది. పూతకి ముందు జిడ్డు పోవాలని నేను థిన్నర్ గుడ్డ తీశాను. ఆయన చెయ్యి పట్టుకున్నారు. థిన్నర్, అసిటోన్, పెట్రోలు తగిలితే పాలీకార్బొనేట్ మీద వెంట్రుక పగుళ్లు వస్తాయి. అవి ఏ పేపర్‌కీ పోవు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాం.

మర్నాడు పొద్దున్నే, ఎండ పెరగకముందే క్లియర్ కొట్టారు. దుమ్ము లేవకుండా ముందు నేల తడిపించారు. గట్టిపడడానికి హార్డెనర్ అనే రసాయనం కలిపే క్లియర్ అది. ఆ ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు, గుడ్డ కట్టుకుంటే సరిపోదు. ఆయన ఆవిరిని వడకట్టే కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టుకుని, నన్నూ అబ్బాయినీ దూరంగా పంపేశారు. ఆ క్లియర్‌లోనూ థిన్నర్ లాంటి సాల్వెంట్ ఉంటుంది కాబట్టి మొదటి కోటు మంచు పట్టినంత పలచగా కొట్టారు. పది నిమిషాలు ఆగి రెండోది, ఇంకో పది నిమిషాలకు మూడోది. తెల్లటి అద్దం కళ్లముందే తేటపడుతుంటే దూరం నుంచే చూస్తూ నిలబడ్డాను.

పూత ఇంకా మెత్తగా ఉండగానే, అరగంటకి టేపు తీసేయమని చెప్పి ఆయన టిఫిన్‌కి వెళ్లారు. ఎడమది తీశాను. ఇంతలో అమ్మ ఫోన్ చేసింది, మాటల్లో పడి కుడిది మర్చిపోయి సాయంత్రం తీశాను. అప్పటికి క్లియర్ గట్టిపడి టేపుతో కలిసిపోయింది. కింద మూలలో అంచు కొద్దిగా లేచింది.

మొత్తం ఖర్చు 900 రూపాయల లోపే. కొత్త హెడ్‌లైట్ల జతకు నాకు చెప్పిన ధర 7,000 పైన. చేతులు మాత్రం రెండు రోజులు నొప్పెట్టాయి.

రెండో రోజు రాత్రి మళ్లీ గోడ ముందు ఆపాం. అవే పాత బల్బులు. గోడ మీద గీత కత్తితో కోసినట్టు పడింది, ఎడమ వైపు ఏటవాలు స్పష్టంగా లేచింది. కుడి లైటు గీత కాస్త ఎత్తుగా ఉంటే పెదనాన్న వెనక స్క్రూ తిప్పి సరిచేశారు. ఆ వారమే మైలవరం దారిలో వెళ్లాను. రోడ్డు అంచు తెల్ల గీత, తోటల కంచె రాళ్లు, దూరంగా సైకిల్ మీద ఒకాయన లుంగీ అంచు కూడా కనిపించాయి. డిమ్‌లో ఉన్నంతసేపు ఎవరూ డిప్పర్ కొట్టలేదు.

ఆ పని చేశాక రెండు ఎండాకాలాలు గడిచాయి. ఎడమ అద్దం ఆ రోజు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. కుడిది ఆ లేచిన మూల దగ్గర వేలెడంత మేర పసుపు మొదలైంది. కారు ఇప్పుడు ముఖం గోడ వైపు ఉండేలా పెడుతున్నాను. దసరా సెలవుల్లో ఆ కుడిది మళ్లీ 800 నుంచి మొదలుపెట్టాలి. చెప్పు బ్లాక్ దాచే ఉంచాను.