పాత డీజిల్ పికప్‌లో ట్యాంకు బ్రీదర్ లీకు: పని ఎంతవరకు వచ్చింది

బండి: టాటా 207 డీఐ, మెకానికల్ పంపు, ఇనుప ట్యాంకు. సమస్య: ఫుల్ ట్యాంకు కొట్టించినప్పుడల్లా ట్యాంకు పైన డీజిల్ చెమ్మ, క్యాబిన్‌లోకి వాసన. సగానికి దిగగానే రెండూ మాయం.

ఎక్కడ వెతకాలో ఈ లక్షణాన్ని బట్టే సగం తెలిసిపోతుంది. అడుగున తుప్పు తిని చిల్లు పడితే ట్యాంకులో ఎంత ఉన్నా కారుతుంది. ఇంజన్‌కు డీజిల్ లాగే సక్షన్ పైపు జాయింటు వదులైతే బయటికి కారడం కన్నా లోపలికి గాలి పీల్చడం ఎక్కువ, పొద్దున్నే స్టార్టింగ్ మొరాయిస్తుంది. నిండుగా ఉన్నప్పుడు మాత్రమే, అందులోనూ మలుపుల్లో, ఎండలో నిలిపినప్పుడు తడుస్తోందంటే అనుమానం ట్యాంకు పైభాగం మీదే: ఫ్లోట్ (డీజిల్ మట్టం మీటరుకు చెప్పే తేలుడు) ప్యాకింగ్, మిగులు డీజిల్ వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు, ట్యాంకులోకి గాలి వచ్చిపోయే బ్రీదర్ గొట్టం, డీజిల్ పోసే మెడకు తొడిగిన లావు రబ్బరు గొట్టం.

ఎండకు లెక్క ఉంది. ఒక్క డిగ్రీ వేడెక్కితే లీటరు డీజిల్ సుమారు 0.8 మి.లీ. ఉబ్బుతుంది. బంకులో భూమి లోపలి ట్యాంకు నుంచి చల్లగా వచ్చిన 50 లీటర్లు మధ్యాహ్నానికి 15 డిగ్రీలు వేడెక్కాయంటే 600 మి.లీ. పెరిగినట్టే. మెడ దాకా కొట్టిస్తే అది పోవడానికి మిగిలిన దారి బ్రీదర్ గొట్టమే.

లీకు పట్టుకోవడం

తడి కనబడ్డ చోటే లీకు ఉందనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఈ ట్యాంకు పైన ఫ్లోట్ బిగించే చోటు కొంచెం పల్లం. ఎక్కడ కారినా అక్కడికే చేరుతుంది, దాంతో చాలామంది ప్యాకింగ్ మార్చేసి ఊరుకుంటారు. డీజిల్‌లో కలిసిన రోడ్డు దుమ్ము అట్టలా పేరుకుంటుంది కాబట్టి ముందు దాన్ని చెక్కతో గీకి, సర్ఫు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. తర్వాత సుద్దపొడి పలుచగా చల్లి, ట్యాంకు నింపి, వాలులో ఒక గంట ముందుకు, ఒక గంట వెనక్కి తిప్పి నిలపాలి. పొడి మొదట నల్లబడ్డ చోటే అసలు లీకు. ఇక్కడ బ్రీదర్ గొట్టం ట్యాంకు ముక్కుకు (గొట్టం ఎక్కించే చిన్న పైపు) తొడిగిన చోట ముందు నల్లబడింది, ఫ్లోట్ ప్యాకింగ్ ఒక మూల ఆ తర్వాత చెమర్చింది. అంటే రెండూ మార్చాలి, కానీ వరద వచ్చేది గొట్టం నుంచే.

రబ్బరు ఇలా అవడానికి వయసొక్కటే కారణం కాదు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా అమ్ముతున్న బీఎస్-6 డీజిల్‌లో సల్ఫర్ 10 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో పది) మించదు. సల్ఫర్ తీసే ప్రక్రియలో రబ్బరును ఉబ్బించే ఆరోమాటిక్స్ అనే పదార్థాలు కూడా తగ్గుతాయి. పాత డీజిల్‌లో ఏళ్ల తరబడి ఉబ్బి ఉన్న నైట్రైల్ రబ్బరు (ఎన్‌బీఆర్) వాటి శాతం తగ్గితే కుంచించుకుంటుంది, అప్పటిదాకా గట్టిగా పట్టిన జాయింటు చెమరుస్తుంది.

ట్యాంకు దించడం

డీజిల్ పావు ట్యాంకుకు తగ్గించాలి. లీటరు 830 గ్రాముల చొప్పున 40 లీటర్లంటే 33 కిలోలు, పైగా అది లోపల ఊగుతుంది. బ్యాటరీ నెగెటివ్ తీసి, చక్రాలకు చెక్కలు పెట్టాలి. పట్టీల బోల్టులకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచితే మర మిగులుతుంది. ట్యాంకు కింద పలక, పలక కింద జాక్. పట్టీలు తీసి 10-15 సెం.మీ. మాత్రమే దించి ఆగాలి. ఫ్లోట్ వైరు, సక్షన్, రిటర్న్, బ్రీదర్‌లకు టేపుతో గుర్తులు పెట్టి విప్పాకే మిగతాది దించాలి. రాని గొట్టాన్ని లాగొద్దు, పొడవునా బ్లేడుతో చీల్చేయండి. లాగితే ముక్కు ట్యాంకు దగ్గర అతుకు వదులుతుంది. అప్పుడు చిన్న పని పెద్దదవుతుంది.

ఇక్కడ ముక్కు నిలిచే ఉంది, పైన తుప్పు గుంటలున్నాయి. 400 నంబరు ఎమరీ కాగితాన్ని పట్టీలా చించి ముక్కు చుట్టూ తిప్పుతూ రుద్దాలి. పొడవునా రుద్దితే ఆ గీతల వెంబడే డీజిల్ బయటికి పాకుతుంది. ముక్కు తినేసి ఉంటే మాత్రం ఇంట్లో వెల్డింగ్ జోలికి పోవద్దు. మన డీజిల్‌కు ఫ్లాష్ పాయింట్ (ఆవిరికి నిప్పు అంటుకునే కనీస వేడి) కనీసం 35 డిగ్రీలుండాలని ప్రమాణం. మే నెలలో నీడలోనే అది దాటుతుంది. డీజిల్‌కు అగ్గి అంటుకోదన్న మాట ఖాళీ ట్యాంకు దగ్గర ప్రాణం మీదికి తెస్తుంది.

కొత్త గొట్టం

ఈ వయసు బళ్లలో ట్యాంకు ఎప్పుడో మారి ఉండొచ్చు, కాబట్టి పార్టు నంబరు కన్నా వెర్నియర్ కొలత పరికరాన్ని నమ్మాలి. ఇక్కడ ముక్కు బయటి కొలత 8 మి.మీ. తీసుకున్నది 8 మి.మీ. లోపలి కొలత, లోపల నూలు అల్లిక ఉన్న ఎన్‌బీఆర్ గొట్టం, పైన ఎస్ఏఈ జె30 ఆర్7 (ఇంధన గొట్టాల ప్రమాణం) ముద్ర ఉన్నది, 1.2 మీటర్లు. ఆ ముద్ర గొట్టం ట్యాంకు బయటికే. దాని పైపొర డీజిల్‌లో మునిగి ఉండటానికి చేసింది కాదు.

షాపులో చేతిలో పెట్టే ప్రత్యామ్నాయాలు చాలానే ఉంటాయి. పారదర్శక పీవీసీ గొట్టం కొన్నాళ్లకే గాజులా గట్టిపడి పగులుతుంది. రేడియేటర్ గొట్టం నీళ్లకు చేసింది, డీజిల్‌కు ఉబ్బి జారిపోతుంది. మామూలు సిలికాన్ గొట్టమూ అంతే. పగులు మీద సైకిల్ ట్యూబు చుట్టడం అన్నిటికన్నా దండగ. ప్యాకింగ్‌కు సిలికాన్ సీలెంట్ పూస్తే మెత్తబడి ఊడుతుంది, ఆ ముక్కలు సక్షన్ జాలీలో తేలతాయి. 3 మి.మీ. నైట్రైల్ కార్క్ ప్యాకింగ్ పొడిగానే వేసి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగిస్తే చాలు.

గొట్టం ముక్కు మీద 20-25 మి.మీ. ఎక్కాలి. క్లిప్పు ముక్కు గట్టు దాటాక, గొట్టం అంచుకు 3-4 మి.మీ. లోపల పడాలి. చీలికలున్న క్లిప్పు చిన్న గొట్టాన్ని కోస్తుంది, చుట్టూ నున్నగా ఉండే బోల్టు క్లిప్పు వాడండి.

అసలు మరమ్మతు మాత్రం గొట్టం నడిపే దారిలో ఉంది. పాత గొట్టం పట్టీ ఊడి మధ్యలో వేలాడింది, ఆ పల్లంలో డీజిల్ నిలిచి గాలికి అడ్డం పడింది. చివరి కంతలో కందిరీగ మట్టిగూడు పెట్టింది. ట్యాంకు వేడెక్కినప్పుడు లోపలి ఒత్తిడి ఆ దారిన పోలేక ముక్కు దగ్గరి పగులు వెతుక్కుంది. కొత్త గొట్టం ట్యాంకు నుంచి తిన్నగా పైకి వెళ్లి, మెడ మూత కన్నా 5 సెం.మీ. ఎత్తున వంపు తిరిగి, చాసిస్ లోపలి వైపు కిందికి దిగుతుంది. చివర చిన్న ఇన్‌లైన్ ఫిల్టర్, తెరుచుకున్న నోరు నేల వైపు.

లీకు ఆగుతుందని బ్రీదర్‌కు బిరడా కొట్టేవాళ్లున్నారు. ఇంజన్ తాగిన డీజిల్ చోటులోకి అంత గాలి ట్యాంకు లోపలికి రావాల్సిందే. రాకపోతే 30-40 కిలోమీటర్లకు ఇంజన్ లాగుడు పడిపోతుంది, మూత తీస్తే బుస్సుమంటుంది, పలుచని ట్యాంకయితే లోపలికి లొట్ట పోతుంది.

పరీక్ష

ట్యాంకు ఎక్కించే ముందే చేయాలి. సక్షన్, రిటర్న్‌లకు బిరడాలు, మెడకు రబ్బరు బిరడా. మూతలోనే గాలి కంత ఉండొచ్చు, అందుకని మూతను నమ్మొద్దు. పారదర్శక గొట్టాన్ని యూ ఆకారంలో కట్టి, సగం నీళ్లు పోసి, టీ (T) ఆకారపు ముక్కతో బ్రీదర్ దారికి కలపాలి. టీ రెండో కొస నుంచి నోటితో ఊది, రెండు కాళ్ల మధ్య 30 సెం.మీ. తేడా రాగానే ఊదే గొట్టం నొక్కి పట్టాలి. అది 0.03 బార్. ఇంతేనా అనిపిస్తుంది గానీ 40×60 సెం.మీ. పైరేకు మీద అదే 70 కిలోల పైచిలుకు బలం. కంప్రెసర్ తగిలిస్తే అతుకులు విచ్చుకుంటాయి. జాయింట్లన్నిటికీ సర్ఫు నురగ రాసి బుడగల కోసం చూడాలి.

నీడలోనే చేయాలి. లోపలి గాలి ఒక్క డిగ్రీ మారితే రెండు కాళ్ల మధ్య తేడా 3 సెం.మీ. పైనే మారుతుంది. ఆ తేడా ఒకే తీరుగా తగ్గుతూ పోతే లీకు, ఎక్కుతూ దిగుతూ ఉంటే వేడి తేడా. ఇక్కడ మొదట రిటర్న్ బిరడా దగ్గరే బుడగలు వచ్చాయి, అది మార్చాక మట్టం నిలిచింది.

ఎక్కించాక ఫీడ్ పంపు హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న పంపు) కొట్టి, ఫిల్టర్ పైన ఎయిర్ స్క్రూ విప్పి, నురగ పోయి డీజిల్ గట్టిగా వచ్చేదాకా ఎయిర్ తీయాలి.

మిగిలిన పని

ఫుల్ ట్యాంకుతో ఎండలో నిలిపితే సుద్దపొడి పొడిగానే ఉంది. బంకులో నాజిల్ మాత్రం ఇంకా పదే పదే కట్ అవుతోంది. అది ఈ సన్న గొట్టం తప్పు కాదు. డీజిల్ పోసేటప్పుడు నిమిషానికి ముప్పై లీటర్లకు పైగా గాలి బయటికి రావాలి, అది మెడ పక్కనున్న లావు గాలి గొట్టం పని. దాని మీద మెలిక గుర్తు కనిపిస్తోంది, లోపలి కొలత 16 మి.మీ. పట్టీల కింద రబ్బరు కూడా లేదు, రేకు మీద రేకు రాసుకుంటోంది. తర్వాతి విడతలో ఈ రెండూ.