పెరుగన్నం దగ్గర ధ్యాస నిలవడం లేదు

మనసు పెట్టి భోజనం చేయాలన్న నా సాధన ఈ వారం కూడా పెరుగన్నం దగ్గరే చెదిరిపోయింది. పప్పన్నం నుంచి చారన్నం దాకా ఒక్కో ముద్దనూ రుచి తెలిసి తింటూ, దాని వెనుక ఎవరెవరి కష్టం ఉందో తలచుకుంటూ వచ్చిన మనసు, పెరుగు వడ్డించుకోగానే కంచాన్ని విడిచి వెళ్లిపోతోంది. మళ్లీ స్పృహ కలిగేసరికి చెయ్యి కంచం అడుగును తుడుస్తూ ఉంటుంది. భోజనంలో మిగతా భాగమంతా కుదురుకున్నాక ఈ ఒక్కటి ఇంత మొండికేయడం నాకు నిజంగా బాధగా ఉంది.

కుదిరినవాటి సంగతి ఒక్క వాక్యంలో: ఫోను పక్కగదిలోనే ఉంటోంది, ‘అన్నదాతా సుఖీభవ’ అనుకోకుండా మొదటి ముద్ద నోటికి వెళ్లడం లేదు, ఉప్పు తగ్గిందన్న ఫిర్యాదు మా ఇంట్లో వినబడటం లేదు.

ఇక సమస్యను కొలతలతో రాస్తాను. రెండు విడతలకూ అన్నం సమానంగా 130 గ్రాములే తూచి పెట్టుకున్నాను. 60 గ్రాముల పప్పు, చెంచాడు నెయ్యి కలిపిన పప్పన్నానికి సుమారు 7 నిమిషాలు, అంటే ముద్దకు 45 సెకన్లు పట్టింది. 100 గ్రాముల పెరుగు కలిపిన అన్నం రెండున్నర నిమిషాల్లోనే అయిపోయింది. ముద్దకు 15 సెకన్లయినా పట్టలేదు. పప్పన్నం ముద్దను 20 సార్లకు పైగా నములుతుంటే, పెరుగన్నం ముద్ద ఆరేడు సార్లు నమిలేసరికే గొంతు దిగుతోంది.

మొదట చల్లదనాన్ని అనుమానించాను. ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు 6 డిగ్రీల దగ్గర ఉంటుంది కనుక, పళ్లు జివ్వుమంటాయని నోరు దాన్ని తొందరగా మింగేస్తోందేమోనని గిన్నెను భోజనానికి రెండు గంటల ముందే బయట పెట్టాను. పెరుగు 24 డిగ్రీలకు వచ్చింది, రుచి ఎంతో మెరుగుపడింది, వేగం మాత్రం తగ్గలేదు. తర్వాతి అనుమానం అన్నం మెత్తదనం మీద. మేము వండేది బీపీటీ 5204 రకం బియ్యం; బాపట్ల పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన ఈ సాంబ మసూరిని పెరుగుతో పిసికితే నమలడానికి ఏమీ మిగలదు. అందుకని మెతుకు విడివిడిగా ఉండేలా పైపైన కలిపాను, మరో పూట ముడిబియ్యం వండించాను. నమలడం 12 సార్లకు పెరిగింది, సమయం 4 నిమిషాలకు చేరింది, అయినా ధ్యాస నిలవలేదు. నెమ్మదిగా నములుతూనే మధ్యాహ్నం చేయవలసిన పనుల లెక్క వేసుకుంటున్నాను. నిదానంగా తినడం వేరు, మనసు పెట్టి తినడం వేరు అని నాకు అక్కడే రూఢి అయింది. ఆవకాయ పెట్టుకుంటే నాలుక పెరుగన్నాన్ని పట్టించుకోకుండా కారం కోసం ఎదురుచూస్తుంది, మానేస్తే చెయ్యి ఇంకా వేగం అందుకుంటుంది.

ఆదివారం వరుసనే తిరగేశాను. మొదట పెరుగన్నం, చివర పప్పన్నం. “అదేం తిండిరా, శుభమా అని కూర్చుని మొదటే పెరుగా!” అని అమ్మ మందలించింది గానీ, ఫలితం చూసి నాకు పట్టరాని సంతోషం కలిగింది. అదే పెరుగు, అదే అన్నం, 6 నిమిషాలు పట్టింది. గరిటె దిగిన చోట పెరుగు నున్నగా తెగి ఆ గుంటలోకి పల్చటి నీరు ఊరడం, మీగడ తరక వేలికి అంటుకోవడం, మొదట కమ్మగా తోచిన ముద్ద మింగే ముందు నాలుక అంచుల్లో పుల్లగా తేలడం అన్నీ తెలిశాయి. చివరి వంతుకు వెళ్లిన పప్పన్నం మాత్రం ఆ పూట హడావుడిగా అయిపోయింది. అంటే ఇబ్బంది పెరుగులో లేదు, ఆఖరి వంతులో ఉంది. ఆకలి తీరేసరికి రుచి పలచబడుతుంది, మనిషి లేవకముందే మనసు చెయ్యి కడుక్కోవడానికి లేస్తుంది.

కృతజ్ఞత విషయంలో కూడా పెరుగు వెనకబడే ఉంది. బియ్యం అనగానే బురదలో నడుము వంచి నాట్లు వేసే కూలీలు, కందిపప్పు అనగానే తాండూరు నల్లరేగడి చేలు మనసులో మెదులుతాయి గానీ, పెరుగు అంటే ప్యాకెట్టు తప్ప మరేదీ గుర్తుకు వచ్చేది కాదు. ఇప్పుడు తెల్లవారకముందే గేదెకు కుడితి పెట్టి, పాలు పితికి కేంద్రానికి మోసుకెళ్లే మనిషినీ, రాత్రి పాలు గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి తోడు వేసే అమ్మనూ తలచుకుంటున్నాను. ఈ సాధనకు ఇంట్లో తోడుపెట్టిన పెరుగే మేలని నా గట్టి అభిప్రాయం. రోజుకో పులుపుతో అది గమనించడానికి ఏదో ఒకటి ఇస్తుంది, ప్యాకెట్ పెరుగు ఏనాడూ ఒకటే రుచి.

జాన్ కబాట్-జిన్ 1979లో అమెరికాలో మొదలుపెట్టిన ధ్యాన శిక్షణలోని ఎండుద్రాక్ష అభ్యాసం, అంటే ఒక్క ఎండుద్రాక్షను నిదానంగా గమనిస్తూ తినడం, ఆరంభానికి మంచిదే గానీ, నాలుగు రకాలు వరుసగా కలుపుకుని తినే మన భోజనానికి అది చాలదు. ముద్దకు ఇన్నిసార్లు నమలాలన్న లెక్కలు నాకు అసలు నచ్చవు; నేను కొలత కోసం లెక్కపెట్టినప్పుడల్లా రుచి తెలియకుండా పోయింది. ఇన్‌సైట్ టైమర్ అనే ధ్యానం యాప్‌లోని గంట మృదువుగా ఉంటుంది, ఒంటరిగా తినే పూట పక్కగదిలోంచి వినబడితే ఉపయోగమే, నలుగురూ కూర్చున్నప్పుడు వద్దు.

వచ్చే వారం భోజనానికి ఒక ముగింపు పెట్టబోతున్నాను. మా తాతగారు ‘అమృతోపస్తరణమసి’ అని ఔపోశనం పట్టి భోజనం మొదలుపెట్టి, మజ్జిగన్నం అయ్యాక ‘అమృతాపిధానమసి’ అని మళ్లీ నీళ్లు పుచ్చుకునేవారు. నా సాధనలో మొదటిదానికి సాటిగా ఒక తలపు ఉంది, రెండోదానికి సాటి ఏదీ లేదు. పెరుగన్నం తర్వాత చేయవలసింది ఇంకొకటి ఉంటే ఆఖరి వంతు దానిది కాకుండా పోతుందని నా ఊహ. పంక్తి భోజనాల్లో అందరూ ఒకేసారి లేచినట్టు, నా కంచం ఖాళీ అయినా అమ్మ తినడం పూర్తయ్యేదాకా కూర్చోవాలనీ, పెరుగన్నానికి అన్నం 80 గ్రాములకు తగ్గించాలనీ అనుకుంటున్నాను. ఇది కుదిరితే తర్వాతి పని ఆఫీసు క్యారియర్; పొద్దున గోరువెచ్చని పాలు ఎక్కువగా, పెరుగు ఒక చెంచా మాత్రమే కలిపి పెడితే మధ్యాహ్నం ఒంటిగంటకు ఏపాటి పులుపుతో తోడుకుంటుందో ముందుగా ఇంట్లోనే చూస్తాను.