భూమి వయసు, మా పులివెందుల గుట్టలు

డాలస్‌లో పెరుగుతున్న మా పిల్లలకు భూమి వయసు మూడు రకాలుగా చెప్పేవాళ్లు దొరికారు. బడిలో టీచరు 454 కోట్ల ఏళ్లంది. మావాడి క్లాసులో ఒక పిల్లాడు ఆరు వేల ఏళ్లే అన్నాడు, వాళ్లింట్లో నమ్మకం అది. ఇక మన వాట్సాప్ గ్రూపులు ఉండనే ఉన్నాయి: ఒక కల్పం అంటే 432 కోట్ల ఏళ్లు, చూశారా, మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టేశారు!

నాకు చిక్కంతా ఈ మూడో మాటతోనే. పరాయి దేశంలో ఉన్నాం కదా, పిల్లలకు మనవాటి మీద గౌరవం కలగాలని ఏది దొరికితే అది చెప్పేస్తుంటాం. పండక్కి సంకల్పం మా ఇంట్లోనూ చెప్పిస్తాం. అందులోనే ‘వైవస్వత మన్వంతరే’ అని ఉంది. ఒక కల్పంలో వచ్చే పద్నాలుగు మంది మనువుల్లో వైవస్వతుడు ఏడోవాడు. అంటే ఆ లెక్కలోనే కల్పం ఇంకా సగం కూడా కాలేదు. మరి 432కి, 454కి పొత్తు ఎక్కడ కుదిరింది? సంకల్పం పూజకు ఉండనీ, రాతి వయసు రాయినే అడుగుదాం అన్నాను.

అడగడానికి మా పులివెందుల కంటే మంచి చోటు ఏముంది? వేసవి సెలవులకు అమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు మావాడు మొదట వాళ్ల అవ్వనే అడిగాడు, ఇక్కడ డైనోసార్లు ఉండేవా అని. టెక్సస్‌లో గ్లెన్ రోజ్ దగ్గర, ఏటి అడుగున 11 కోట్ల ఏళ్ల నాటి డైనోసార్ అడుగులు చూసొచ్చాడు మరి. “ఏమో నాయనా, నేనైతే చూళ్లేదు” అంది అమ్మ.

ఈ గుట్టల్లో డైనోసార్లు దొరకవు. ఈ రాళ్లు పేరుకున్నప్పుడు భూమ్మీద జంతువన్నదే లేదు. మావాడి మొహం చిన్నబోయింది. దగ్గర్లోని వేంపల్లె ఊరి పేరుతోనే పిలిచే, డోలమైట్ అనే సున్నపురాయి లాంటి రాతి పొరల్లో ఎర్రగడ్డను అడ్డంగా కోసినట్టు వలయాలు కనిపిస్తాయి. అవి స్ట్రోమాటొలైట్లు. లోతులేని సముద్రంలో కంటికి కనపడని సూక్ష్మజీవులు పొర మీద పొర కట్టుకుంటూ పోయిన గుర్తులు. గాలిలోకి ఆక్సిజన్ వదిలింది ఇలాంటి జీవులే. ఇదంతా విన్నాక, డైనోసార్ ఊపిరి కూడా వీటి చలవేనా అన్నాడు. అప్పుడు కానీ ఉత్సాహం రాలేదు వాడికి.

వయసు ఎలా తెలిసిందంటే, కార్బన్ డేటింగ్ అని ఠక్కున చెప్పేస్తారు అందరూ. అది ఇక్కడ పనికిరాదు. కార్బన్-14 సుమారు 5,730 ఏళ్లకు సగమైపోతుంది, 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. పైగా నీళ్లలో పేరుకున్న రాతికి సూటిగా వయసు కట్టడం కష్టం. అయితే పులివెందుల దగ్గర ఈ పొరలకు పైనున్న పొరల మధ్యకి ఒకప్పుడు లోపల్నుంచి శిలాద్రవం చొరబడి నల్లరాయిగా గట్టిపడింది. అందులోని బాడెలియైట్ అనే ఖనిజం పుట్టేటప్పుడు యురేనియాన్ని ఇముడ్చుకుంటుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. యురేనియం-238లో సగం సీసం కావడానికి 447 కోట్ల ఏళ్లు. ఇప్పుడు రెండూ ఎంతెంత ఉన్నాయో కొలిస్తే ఆ నల్లరాయి వయసు దాదాపు 188 కోట్ల ఏళ్లని తేలింది. అది చొరబడే నాటికే ఆ పొరలున్నాయి, వాటి కింద స్ట్రోమాటొలైట్లూ ఉన్నాయి. అంటే ఇవి ఇంకా పాతవి.

మొత్తం భూమికి లెక్క తేల్చినదీ సీసమే. 1956లో అమెరికా శాస్త్రవేత్త క్లేర్ ప్యాటర్సన్, భూమితో పాటే పుట్టిన ఉల్కల్లోని సీసాన్ని కొలిచి 455 కోట్లన్నాడు, ఇప్పటికీ ఆ అంకె పెద్దగా కదల్లేదు.

మళ్లీ వచ్చినప్పుడు కర్నూలు వైపున్న జ్వాలాపురం వెళ్దామంటోంది అమ్మాయి. సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలి సుమారు 74 వేల ఏళ్ల కింద ఎగజిమ్మిన బూడిద అక్కడ నేలలో ఉంది. దీనికైనా కార్బన్ సరిపోతుందా అని అడిగింది. తమ్ముడే అందుకున్నాడు: “యాభై వేలు దాటింది కదక్కా!”