కుడి ఎడమలు తెలియని జనం

ఆదివారం, రాత్రి పది గంటలు.

విజయవాడ పటమటలోని మా ఇంటి నుంచి, నేను ఆదివారపు బడిలో పిల్లలకు పాఠం చెప్పే గవర్నర్‌పేటలోని మా చర్చికి స్కూటర్ మీద వెళ్ళడానికి ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం ఉదయం ఏడున్నరకు బందరు రోడ్డు దాదాపు ఖాళీగా ఉంటుంది కాబట్టి, వారం మొత్తంలో నేను ప్రశాంతంగా బండి నడిపేది ఆ ఒక్క పూటే. ఈ రోజు బెంజ్ సర్కిల్ దాటి కొంచెం ముందుకు వెళ్ళానో లేదో, డివైడర్‌ను ఒరుసుకుంటూ ఒక మోటారు సైకిల్ నాకు ఎదురుగా వచ్చేసింది. దానికి రెండు వైపులా ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు వేలాడుతున్నాయి, నడిపేవాడి చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరుక్కుని ఉంది. నేను గట్టిగా బ్రేకు వేసి ఆగిపోతే, అతను మెడ వంచిన ఆ భంగిమలోనే నన్ను దాటుతూ, "చూసుకుని నడపండమ్మా" అని హితవు చెప్పి మరీ వెళ్ళాడు.

సిగ్నల్ దగ్గర ఇంకా పది సెకన్లు ఉండగానే వెనుక నుంచి హారన్ మోగించేవాళ్ళను నేను ఎప్పుడో క్షమించేశాను. 2019లో చట్టాన్ని సవరించి జరిమానాలు పెంచినా యూ టర్న్ దాకా వెళ్ళే ఓపిక మనవాళ్ళకు రాలేదన్న సంగతీ తెలిసిందే. కానీ ఆ "అమ్మా" మాత్రం చర్చి గేటు దాకా నా చెవిలో గింగురుమంటూనే ఉంది.

బండి ఆపాక చూస్తే, కాళ్ళ దగ్గర నిలబెట్టుకున్న చార్టు మడత పడింది. నిన్న రాత్రి పదకొండింటి దాకా కూర్చుని నీలి రంగు పూసిన చేపకు, అంటే బైబిల్లో యోనా ప్రవక్తను మింగిన చేపకు, సరిగ్గా కడుపు మీద పెద్ద గీత! నాకు ఏడుపొక్కటే తక్కువ. మెట్ల కింది గదిలో గోడకు ఆ చార్టును అంటించగానే, "చేపకు కడుపునొప్పి వచ్చింది టీచర్, అందుకే యోనాను కక్కేసింది" అని ముందు వరుసలోంచి తీర్పు వచ్చింది. పద్నాలుగు మందీ ఒక్కసారిగా నవ్వారు, నాకూ నవ్వు ఆగలేదు.

ఇంగ్లండ్‌లోని గ్లౌస్టర్‌లో 1780లో రాబర్ట్ రైక్స్ ఆదివారపు బడి మొదలుపెట్టినప్పుడు, అక్కడికి వచ్చినవాళ్ళు మిగతా ఆరు రోజులూ పని చేసే పిల్లలు. మా పిల్లలకు ఆ ఆరు రోజులూ బడి, ఆ తరువాత ట్యూషను. ఏడో రోజు కూడా బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చోమనడానికి నాకు మనసొప్పదు. అందుకే కంఠత వాక్యం (వారం వారం కంఠస్థం చేసే బైబిలు వాక్యం) అప్పజెప్పమని ఎవరినీ బలవంతపెట్టను. ఏడాదిగా నోరు విప్పని ఒక చిన్నమ్మాయి ఈ రోజు తనంతట తానే లేచి నిలబడి, గౌను అంచును వేలికి చుట్టుకుంటూ, వాక్యమంతా ఒక్క ఊపిరిలో చెప్పేసి కూర్చుంది. నేను మెచ్చుకునేలోగానే తల దించేసుకుంది.

పిల్లలకు యోనా కథ చెప్పేటప్పుడు చాలామంది చేపతోనే ఆపేస్తారు, మహా అయితే, నాశనమవుతుందని యోనా హెచ్చరించిన నీనెవె పట్టణం మారుమనస్సు పొందేదాకా వెళతారు. ఇది నాకు నచ్చదు. నాలుగే అధ్యాయాలున్న ఆ చిన్న గ్రంథంలో అసలు రుచి నాలుగో దానిలో ఉంది. ఊరు నాశనం కానందుకు ప్రవక్త అలిగి ఊరి బయట కూర్చుంటాడు, నీడనిచ్చిన సొరచెట్టును పురుగు తొలిచి అది వాడిపోతే చచ్చిపోతే మేలంటాడు. అప్పుడు దేవుడు, కుడి ఎడమలు ఎరుగని లక్షా ఇరవై వేలకు పైగా జనమూ, ఎన్నో పశువులూ ఉన్న ఆ పట్టణం మీద నేను జాలిపడకూడదా అని అడుగుతాడు. యోనా ఏం జవాబిచ్చాడో రాయలేదు, గ్రంథం ఆ ప్రశ్నతోనే ముగుస్తుంది.

"కుడి ఎడమలు తెలియనివాళ్ళంటే రాంగ్ రూట్లో వచ్చేవాళ్ళా టీచర్?" అని రెండో వరుసలోని ఒక బుడతడు అడిగాడు. పొద్దున జరిగింది వాడికి నేను చెప్పలేదు. అవునని అనబోయి, అలా అంటే ఆ వాక్యం ప్రకారం నేనూ వాళ్ళ మీద జాలిపడాల్సి వస్తుందని గుర్తొచ్చి, సుద్దముక్క కోసం వెతుకుతున్నట్టు నటించాను.

ఆరాధన ముగిశాక, కోడికూరకు కొత్తిమీర కొనుక్కుని తిరిగి వస్తుంటే, మళ్ళీ డివైడర్ పక్కన ఒక బండి ఎదురొచ్చింది. నేను వేగం తగ్గించి, ఈసారి నాలుగు మాటలు అనడానికి నోరు తెరిచాను. పెట్రోలు ట్యాంకు మీద కూర్చున్న ఆ బుడతడే రెండు చేతులూ పైకెత్తి, "టీచర్, వందనాలు!" అని రోడ్డంతా వినబడేలా అరిచాడు. వాళ్ళ నాన్న నా వైపు చూడకుండా, ఉన్నట్టుండి ఎంతో శ్రద్ధగా స్పీడోమీటరును పరిశీలించసాగాడు.

"వందనాలు నాన్నా" అన్నాను.